పాట ధర వెంటనే ఫోన్లోకి రావాలంటే

ప్రశ్న: మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. మిర్చి వేలంపాటలో ధర తేలగానే అడ్తిదారుల ఫోన్లలో కనబడేలా ఒక వెబ్ పేజీ తయారుచేశాను. ప్రతి ఫోనూ 5 సెకన్లకోసారి సర్వర్‌ను అడుగుతుండటంతో, పాట జోరుమీద ఉన్నప్పుడు అది మొరాయిస్తోంది. వెబ్‌సాకెట్‌కు మారమని మిత్రులంటున్నారు. మారాలా?

– ఒక పాఠకుడు

జవాబు: అక్కరలేదు. 200 ఫోన్లు పేజీ తెరిచి ఉంటే మీ సర్వర్‌కు నిమిషానికి 2,400 అభ్యర్థనలు వస్తాయి. వాటిలో చాలావాటికి అది చెప్పేది ‘కొత్త ధర లేదు’ అనే. 2011లో ప్రమాణంగా వెలువడిన వెబ్‌సాకెట్ ఇరువైపులా మాట్లాడుకోవడానికి పుట్టింది. అడ్తిదారులు ఫోన్లోనే పాట పాడేటట్లయితే దాని గురించి ఆలోచించవచ్చు గానీ, మీ దగ్గర మాట్లాడేది సర్వర్ ఒక్కటే. అందుకు సర్వర్-సెంట్ ఈవెంట్స్ చాలు.

ఇందులో బ్రౌజర్‌లోని ఈవెంట్‌సోర్స్ అనే సదుపాయం ఒక్కసారి మామూలు హెచ్‌టీటీపీ అభ్యర్థన పంపుతుంది; సర్వర్ ఆ జవాబును ముగించకుండా తెరిచే ఉంచి, ధర తేలినప్పుడల్లా ఒక వరుసలో సందేశ సంఖ్యను, మరో వరుసలో ధరను రాసి, ఆపైన ఒక ఖాళీ వరుస వదులుతుంది. ఆ ఖాళీ వరుస మరిచారో, సందేశం పూర్తికాలేదనుకుని బ్రౌజర్ ఎదురుచూస్తూనే ఉంటుంది.

సందేశ సంఖ్యను చాలామంది పట్టించుకోరు, అసలు మేలంతా అందులోనే ఉంది. బాసర వైపు రైలెక్కిన అడ్తిదారుకు 418వ సందేశం తర్వాత సిగ్నల్ పోయిందనుకోండి. సిగ్నల్ రాగానే బ్రౌజర్ తనంతట తానే మళ్లీ కలిసి, ‘లాస్ట్-ఈవెంట్-ఐడీ’ అనే హెడర్‌లో (అభ్యర్థనతో పాటు వెళ్లే సమాచార వరుసలో) 418 అని చెబుతుంది. 419 నుంచి పంపే పని మాత్రం మీదే కాబట్టి, ఆనాటి ధరలను సర్వర్‌లో భద్రపరచాలి.

మీ సర్వర్‌కూ ఫోన్లకూ మధ్య ఎన్‌జిన్‌ఎక్స్ అనే మధ్యవర్తి సాఫ్ట్‌వేర్ ఉంటే, అది ధరలను పోగుచేసి ఒక్కసారిగా వదలవచ్చు. అందుకని మీ సర్వర్ పంపే జవాబులోని ‘ఎక్స్-యాక్సెల్-బఫరింగ్’ హెడర్‌కు ‘నో’ అని పెట్టండి. 60 సెకన్లపాటు ఏమీ రాకపోతే అది కనెక్షన్ తెంచేస్తుంది గనుక, పాట ఆగిన వేళ కూడా 15 సెకన్లకోసారి కోలన్ గుర్తుతో మొదలయ్యే ఖాళీ వ్యాఖ్య పంపుతూ ఉండాలి. పాత హెచ్‌టీటీపీ 1.1లో ఒక సైటుకు బ్రౌజర్ 6 కనెక్షన్లే ఇస్తుంది. ఆఫీసు కంప్యూటర్లో ఏడో ట్యాబు తెరిచినవారికి పేజీ తిరుగుతూనే ఉంటుంది కనుక, సర్వర్‌లో హెచ్‌టీటీపీ 2ను ముందే ఆన్ చేయండి.