క్లచ్‌కీ ఫ్లైవీల్‌కీ జత కుదిరిందా?

మీ బండి ప్రశ్నలు

ప్రశ్న: మా ఇంట్లో 1967 షెవర్లే ఇంపాలా ఉంది. పాత ఇంజన్ పాడైతే 1988 నాటి 350 ఘనపుటంగుళాల వి-8 ఇంజన్ వేయించాం. మన్సీ రకం నాలుగు గేర్ల బాక్స్ మాత్రం పాతదే. పాత ఫ్లైవీల్ (ఇంజన్ వెనక తిరిగే బరువైన చక్రం) బోల్టు రంధ్రాలు కలవకపోతే ఈ ఇంజన్‌కని కొత్తది తెప్పించాం. ఒకపక్క బరువెక్కువుందని లేత్ షాపులో తీసేసి బ్యాలెన్స్ చేసి ఇచ్చారు. ఇప్పుడు 2,000 ఆర్‌పీఎం దాటితే బండంతా వణుకుతోంది. సెల్ఫ్ కొడితే కరకరమంటోంది. క్లచ్ పూర్తిగా తొక్కినా గేరు పడటం లేదు. – ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: ఇంజన్ ఒక కాలానిది, గేర్‌బాక్స్ ఇంకో కాలానిది. మధ్యలో ఉన్న ఫ్లైవీల్, క్లచ్ రెండింటికీ సరిపోవాలి. మీ దగ్గర ఎవరూ కొలతలు తీసినట్టు లేదు.

ముందు వణుకు సంగతి చూడండి. ఈ ఇంజన్‌కి 1985 దాకా క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) వెనక ఆయిల్ కారకుండా ఆపే సీలు రెండు ముక్కలుగా ఉండేది, 1986 నుంచి ఒకే ముక్క అయింది. అప్పుడే ఫ్లైవీల్ బోల్టుల వలయం 3.58 అంగుళాల నుంచి 3 అంగుళాలకు తగ్గింది. అందుకే మీ పాతది పట్టలేదు. అసలు చిక్కు అది కాదు. పాత క్రాంక్ అంచులోనే ఉండే ఎదురుబరువు కొత్త క్రాంక్‌లో లేదు, దాన్ని ఫ్లైవీల్ మీదికి తెచ్చారు. లేత్ షాపులో తీసేసింది ఆ బరువునే. ఈ ఫ్లైవీల్‌ను విడిగా తిప్పితే ఒక పక్కకి ఒరిగి ఆగాలి, అది లోపం కాదు. పోయిన బరువుకి బదులు ముక్క వెల్డింగ్ చేయించకండి. పోత ఇనుము వెల్డింగ్ దగ్గర పగులుతుంది. వేగంగా తిరిగేటప్పుడు ఆ ముక్క ఊడితే బెల్ హౌసింగ్‌ని (ఫ్లైవీల్‌నీ క్లచ్‌నీ కప్పే డొప్ప) చీల్చుకుని డ్రైవరు కాళ్ల మీదికే వస్తుంది. ఈ ఇంజన్‌కి సరైన ఫ్లైవీల్ ఇంకోటి కొనడమే దారి. పాత 350 ఇంజన్లున్నవాళ్లకీ ఒక మాట: 400 ఇంజన్ ఫ్లైవీల్ మీ క్రాంక్‌కి చక్కగా పడుతుంది, కానీ దానికీ ఎదురుబరువుంటుంది. పట్టింది కదా అని బిగిస్తే ఇదే వణుకు.

ఇక సెల్ఫ్. సుద్దముక్కతో ఒక పన్ను మీద గుర్తు పెట్టి రింగ్ గేర్ (ఫ్లైవీల్ అంచు చుట్టూ ఉండే పళ్ల వలయం) పళ్లు లెక్కపెట్టండి. 153 వస్తే అది 12¾ అంగుళాల ఫ్లైవీల్, దానికి 10.4 లేదా 10.5 అంగుళాల క్లచ్. 168 వస్తే 14 అంగుళాలది, దానికి 11 అంగుళాల క్లచ్ పడుతుంది. సెల్ఫ్ మోటారు ముక్కు రెండింటికీ వేరు: 153 పళ్లదానికి రెండు బోల్టులూ తిన్నగా ఒకే వరసలో ఉంటాయి, 168 దానికి ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ. చిన్న బెల్ హౌసింగ్‌లో 14 అంగుళాలది పట్టదు కాబట్టి కొనేముందు దాని లోపలి వెడల్పు కూడా కొలవండి. బరువైన ఇంపాలాతో ఎస్.కోట దాటి అరకు ఘాట్ ఎక్కాలనుకుంటే, హౌసింగ్ ఒప్పుకున్నంతవరకు పెద్ద ఇనప ఫ్లైవీలే మేలు. తేలికైన అల్యూమినియందైతే మలుపు మలుపులో ఇంజన్ ఆగిపోతుంది.

గేరు పడకపోవడానికి మూడు చూడండి. క్లచ్ ప్లేట్ తిరగేసి బిగించారేమో. అలా అయితే ప్లేట్ మధ్య స్ప్రింగుల దిమ్మ ఫ్లైవీల్ బోల్టులకు తగిలి క్లచ్ వదలదు. తర్వాత రిలీజ్ బేరింగ్, అంటే పెడల్ తొక్కితే ప్రెజర్ ప్లేట్ వేళ్లను నొక్కేది. వేళ్లు పైకి వంగిన డయాఫ్రం ప్రెజర్ ప్లేట్‌కి (క్లచ్ ప్లేట్‌ని ఫ్లైవీల్‌కి అదిమిపట్టేది) 1¼ అంగుళాల పొట్టి బేరింగ్, చదునైన వేళ్లదానికీ మూడు వేళ్ల పాతరకానికీ 1⅞ అంగుళాల పొడుగుది వాడాలి. పొడుగు కావలసినచోట పొట్టిది వేస్తే పెడల్ నేలకి తగిలినా పని జరగదు. మూడోది పైలట్ బుష్ (గేర్‌బాక్స్ షాఫ్ట్ కొసని క్రాంక్ చివర పట్టి ఉంచేది): షాఫ్ట్ దాంట్లో బిగుసుకుంటే ప్లేట్ వదిలినా షాఫ్ట్ తిరుగుతూనే ఉంటుంది. కొత్త ప్లేట్ కొనేటప్పుడు షాఫ్ట్ స్ప్లైన్లు (షాఫ్ట్ మీది నిలువు పళ్లు) లెక్కపెట్టుకెళ్లండి. మీ 1967 బాక్స్‌కి 10 ఉండాలి, 1971 నుంచి వచ్చినవాటికి 26.

బిగించేటప్పుడు ఫ్లైవీల్ బోల్టులకు 65 ఫుట్‌పౌండ్ల బిగుతు, ప్రెజర్ ప్లేట్ బోల్టులకు 35. ప్రెజర్ ప్లేట్‌వి ఎదురెదురుగా, ఒక్కో చుట్టు చొప్పున బిగించండి. ఒకే వైపు లాగితే కవర్ వంకరపోతుంది. పెడల్ మీద ముప్పావు నుంచి ఒక అంగుళం దాకా ప్లే (ఖాళీ కదలిక) వదలండి.

ప్రశ్న: 1.8 ఇసుజు పెట్రోలు ఇంజన్ కాంటెస్సాకి కొత్త క్లచ్ సెట్ వేయించాను. కదిలేటప్పుడు ముందు భాగం దడదడ అదురుతోంది. – ఒక పాఠకుడు, టెక్కలి

జవాబు: ఫ్లైవీల్ ముఖాన్ని చదును చేయించకుండా కొత్త ప్లేట్ వేసి ఉంటారు. విప్పి చూడండి. నీలం మచ్చలు కనిపిస్తే అక్కడ ఇనుము కాలి గట్టిపడి కాస్త ఉబ్బి ఉంటుంది. లేత్ మీద తీస్తే ఉలి ఆ గట్టిచోట ఎగిరి దాటిపోతుంది. సర్ఫేస్ గ్రైండింగే చేయించాలి, విశాఖ ఆటోనగర్ దాకా పంపాల్సి వచ్చినా సరే. ఫ్లైవీల్‌కి మెట్టు ఉంటే, ముఖం ఎంత తీశారో మెట్టు కూడా అంతే తీయాలి. లేకపోతే నొక్కుడు మారిపోయి క్లచ్ జారడమో, వదలకపోవడమో జరుగుతుంది. ప్లేట్ మీద ఆయిల్ తడి ఉంటే ముందు సీలు మార్చాలి. ఆ ప్లేట్ కడిగినా పనికిరాదు. ఇంజన్ మౌంటింగ్ రబ్బర్లు చిరిగినా ఇదే అదురు వస్తుంది. విప్పడానికి ముందే వాటిని చూడండి, ఖర్చు తప్పవచ్చు. కాంటెస్సా పేరొకటే అయినా 1.5 ఇంజన్ క్లచ్ సామాను దీనికి పనికిరాదు. పని అయ్యాక మొదటి 500 కిలోమీటర్లు ఊళ్లోనే మెల్లగా నడిపి ప్లేట్‌ని కూర్చోనివ్వండి.

ప్రశ్న: వానాకాలమంతా నిలిపి ఉంచిన జీపుకి ఇప్పుడు క్లచ్ తొక్కినా గేరు పడటం లేదు. – ఒక పాఠకుడు, కళింగపట్నం

జవాబు: సముద్రపు గాలికి తుప్పు పట్టి ప్లేట్ ఫ్లైవీల్‌కి అతుక్కుపోయింది. హైడ్రాలిక్ క్లచ్ అయితే ఆయిల్ కారిందేమో ముందు చూసుకోండి. ఇంజన్ వేడెక్కించి ఆపి, ఎదురుగా ఎవరూ లేని ఖాళీ స్థలంలో మూడో గేరు వేసి, క్లచ్ తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టండి. బండి కదిలాక క్లచ్ మీది కాలు తీయకుండానే యాక్సిలరేటర్ తొక్కుతూ వదులుతూ ఉండండి, బ్రేకు కూడా కొద్దిగా పట్టండి. మామూలుగా ఊడివస్తుంది. రాకపోతే గేర్‌బాక్స్ దించాల్సిందే. ఇకపై నెలల తరబడి నిలిపేటప్పుడు, పెడల్ కిందికి నొక్కి సీటుకీ పెడల్‌కీ మధ్య కర్రముక్క పెట్టండి.