నవంబర్‌లోనే మోకాళ్ళ లోతు మంచా?

ప్రశ్న: నమస్తే అండీ. మా అమ్మాయి ఆగస్టులో ఎమ్మెస్‌కి అమెరికాలో బఫెలో వెళ్ళింది. ఇంకా అసలు చలికాలమే మొదలవలేదు, నవంబర్‌లోనే మంచు పడిందని వీడియో పెట్టింది. వాళ్ళ రూమ్ దగ్గర నేల తడిసీ తడవనట్టు ఉంటే అదే ఊళ్ళో ఇంకోవైపు ఫ్రెండ్ ఇంటి దగ్గర మోకాళ్ళ లోతంట, పైగా మంచు పడతా ఉరిమిందంట కూడా. ఇలా ఉంటదా నిజంగా? రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదు మాకు. – ఒక అమ్మ, నెల్లూరు

జవాబు: ఉంటదమ్మా, అమ్మాయి చెప్పిందంతా నిజమే. చలి ముదిరితేనే మంచు ఎక్కువ పడుద్దని మనం అనుకుంటాం గానీ బఫెలోలో లెక్క వేరు, అక్కడ ముందు చూడాల్సింది ఈరీ సరస్సుని. దాదాపు 390 కిలోమీటర్ల పొడవుంటది, దాని తూర్పు కొసన ఊరు. ఎండాకాలమంతా కాగిన నీళ్ళు అంత తొందరగా చల్లారవు కదా, నవంబర్ మధ్యలో కూడా సుమారు 9, 10 డిగ్రీలుంటాయి. అప్పుడే కెనడా వైపు నుంచి గడ్డకట్టే గాలి దిగి సరస్సు పొడుగునా ప్రయాణం చేస్తది, దారంతా కింద నుంచి వేడీ తేమా పీల్చుకుంటది, ఒడ్డు తగలగానే అదంతా మంచుగా దించేస్తది. మీది నెల్లూరే కాబట్టి మీకు చెప్పక్కర్లేదు, ఈశాన్యం గాలి బంగాళాఖాతం మీద తేమ తాగి వచ్చి మీ ఒడ్డున కుమ్మరించేది కూడా దాదాపు ఇలాగే, అక్కడ వాన బదులు మంచు, అంతే. నీళ్ళకీ, కిలోమీటరున్నర పైనున్న గాలికీ 13 డిగ్రీలు తేడా వచ్చిందంటే చాలు, మేఘాలు జోరుగా లేస్తాయి. ఆ జోరు మీదే ఉరుములు కూడా.

ఇక సగం ఊళ్ళోనే మంచు పడటం సంగతి. ఆ మేఘాలు ఊరంతా కమ్మవు, ఒక పట్టీలాగా సాగుతాయి, ఒక్కోసారి ఆ పట్టీ ఇరవై కిలోమీటర్ల వెడల్పు కూడా ఉండదు. గాలి ఎటు తిరిగితే అటు. 2014 నవంబర్‌లో ఊరికి దక్షిణాన 5 అడుగులు దాటి పడితే ఉత్తరాన కొన్ని అంగుళాలే. 2022 నవంబర్‌లో ఆర్చర్డ్ పార్క్ అనే శివారు ఊళ్ళో ఆరున్నర అడుగులు పైనే పడింది, అదీ దక్షిణం వైపే. యూనివర్సిటీ నార్త్ క్యాంపస్ ఉండే ఆమ్‌హర్స్ట్ ఉత్తరాన ఉంటది కాబట్టి మీ అమ్మాయి అటువైపు ఉంటే కొంత నయం, కానీ గాలి తిరిగితే అక్కడా పడుద్ది.

అన్నిటికంటే నాకు గుర్తుండేది 2006 అక్టోబర్ 12, 13 తేదీల్లో పడింది. రెండడుగులకి కాస్త తక్కువ, ఏమంత అనిపిస్తది. కానీ చెట్లకి ఆకులింకా రాలలేదు, ఆకు ఆకు మీదా తడి మంచు పేరుకుని ఆ బరువుకి కొమ్మలు ఫటేల్‌మని విరిగి కరెంటు వైర్ల మీద పడ్డాయి, లక్షల మందికి కరెంటు పోయింది, కొన్నిచోట్ల వారం పైనే. తొందరగా వచ్చే మంచుతో ఇబ్బంది ఇదేనండి, అప్పటికి చెట్లూ రెడీగా ఉండవు మనుషులూ రెడీగా ఉండరు, పిల్లలైతే జాకెట్టే కొనుక్కొని ఉండరు.

అమ్మాయికి గట్టిగా చెప్పాల్సినవి చెప్తాను. మంచులో ఆగిపోయిన కార్లో హీటర్ వేసుకుని కూర్చోవడం చాలా డేంజర్, సైలెన్సర్ గొట్టం మంచుతో పూడిపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తది, దానికి వాసన ఉండదు, మత్తుగా నిద్ర వచ్చినట్టే ఉండి ప్రాణం పోద్ది. ముందు దిగి గొట్టం చుట్టూ మంచు తీసెయ్యాలి, ఇంజన్ కాసేపే ఆన్ చెయ్యాలి, గాలి ఆడని వైపు కిటికీ కొంచెం దించి పెట్టుకోవాలి. కరెంటు పోయిందని బొగ్గుల కుంపటో జనరేటరో ఇంట్లో పెట్టడం కూడా అంతే ప్రమాదం. మంచు ఎక్కువై రోడ్ల మీద బండ్లు తిరగొద్దని ట్రావెల్ బ్యాన్ పెట్టారంటే పార్ట్‌టైమ్ షిఫ్ట్ ఉన్నా సరే కారు తియ్యొద్దు, షిఫ్ట్ పోతే పోయింది. ఫోన్లో వెదర్ చూసేటప్పుడు ఊరి పేరు కాదు, తన ఏరియా జిప్‌కోడ్ (మన పిన్‌కోడ్ లాంటిది) కొట్టి చూడమనండి. సరస్సు గడ్డకట్టిన ఏడాది జనవరి, ఫిబ్రవరికల్లా ఈ బెడద బాగా తగ్గుద్ది, గాలికి తేమ దొరకదు కాబట్టి.

ప్రశ్న: మా వాడు కూడా బఫెలోనేనండి, జనవరిలో వెళ్తాడు. ఇక్కడే బట్టలు కొనెయ్యమంటారా? – ఒక నాన్న, కరీంనగర్

జవాబు: మందం జాకెట్టు, మంచులో జారని బూట్లు అక్కడే కొనుక్కోనివ్వండి, అక్కడి చలికి తగ్గట్టు దొరుకుతాయి. దిగిన రోజు గడవడానికి ఒక స్వెట్టరు, గ్లోవ్స్, చెవులు కప్పే టోపీ హ్యాండ్ బ్యాగులోనే పెట్టండి, సూట్‌కేసు లేటయితే ఎయిర్‌పోర్టు బయట వణికిపోతాడు. లోపల వేసుకునే థర్మల్స్ ఇక్కడ కొనొచ్చు, కాటన్‌వి మాత్రం వద్దు, చెమట పట్టి తడిస్తే ఆరవు, ఆ తడితోనే ఒళ్ళు చల్లబడిపోద్ది.