అమెరికా నుంచి ట్యాబ్ వచ్చింది.. మా బాబుకు చదవడం వస్తుందా?

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. ఇంగ్లిష్ మీడియంలో నాలుగో తరగతి చదువుతున్నాడు. కథ చెబితే శ్రద్ధగా విని, మళ్లీ పొల్లుపోకుండా చెప్పేస్తాడు. నోటి లెక్కలు బాగా చేస్తాడు. పుస్తకం తెరిస్తే మాత్రం ఒక్కో అక్షరం కూడబలుక్కోవాల్సిందే. తెలుగులో ఒత్తులు వదిలేస్తాడు, ఇంగ్లిష్‌లో బి, డి తారుమారు చేస్తాడు. హైదరాబాద్‌లో పరీక్షలు చేయిస్తే డిస్లెక్సియా అన్నారు. సంగతి తెలిసి అమెరికాలో ఉన్న మా మరిది ట్యాబ్ పంపించాడు. ఒక కంపెనీ వాళ్లు ఏడాది యాప్ ప్యాకేజీ తీసుకోమంటున్నారు. ఆర్నెల్లలో డిస్లెక్సియా పోతుందట. మా వారేమో కళ్లు పాడవుతాయి, దాన్ని బీరువాలో పెట్టెయ్ అంటున్నారు. ఎవరి మాట వినాలి?
- ఒక సోదరి, ఖమ్మం

డాక్టర్ సలహా: ముందుగా, ఆ ప్యాకేజీకి డబ్బు కట్టకండి. డిస్లెక్సియా ఆర్నెల్లలో పోవడానికి అదేమీ జ్వరం కాదు. అక్షరాన్ని చూసి దాని శబ్దాన్ని పట్టుకునే పనిలో మెదడుకు పుట్టుకతో ఉండే తేడా అది. పద్ధతిగా నేర్పితే చదవడం వస్తుంది. వేగం మాత్రం పెద్దయ్యాక కూడా కొంత తక్కువగానే ఉండొచ్చు. తెలివికీ దీనికీ సంబంధం లేదు. నోటి లెక్కలు బాగా చేస్తాడని మీరే రాశారు కదా.

అలాగని ట్యాబ్‌ను బీరువాలో పెట్టక్కర్లేదు.

నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు 'ఏ యాప్ వేయమంటారు డాక్టర్?' అని అడుగుతారు. ట్యాబ్ పట్టుకున్నప్పుడు బాబు పక్కన ఎవరు కూర్చుంటారని నేను అడుగుతాను. ఊరికే అడగడం లేదు. ఫిన్లాండ్‌లోని యువాస్కులా విశ్వవిద్యాలయం వాళ్లు ఇలాంటి పిల్లల కోసం గ్రాఫోగేమ్ అని ఒక ఆట తయారుచేశారు. ఒక శబ్దం వినిపిస్తుంది, తెర మీద ఉన్న అక్షరాల్లో దానికి సరిపోయేదాన్ని పిల్లవాడు ఎంచుకోవాలి. ఆలోచన చక్కటిది, చాలా భాషల్లోకి వెళ్లింది. దాని మీద జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష ఒకటి 2020లో వచ్చింది. పదాలు చదవడంలో సగటున మేలేమీ తేలలేదు. అయితే పెద్దవాళ్లు దగ్గరుండి పిల్లలతో మాట్లాడుతూ ఆడించిన చోట్ల ఫలితం కనిపించింది.

ఎందుకలా? పిల్లలు గడుసువాళ్లమ్మా. ఒంటరిగా వదిలేస్తే అక్షరం చూడరు, నాలుగు బొమ్మల మీదా వరసగా నొక్కుకుంటూ పోతారు. ఎక్కడో ఒకచోట గంట మోగుతుంది, స్టార్ వస్తుంది, యాప్ 'సూపర్' అంటుంది. పక్కన మీరుంటే 'ఒరేయ్, ద అన్నావు, అది ధ కదా, కింద గీత చూడు' అంటారు. ఆ ఒక్క మాట ఏ యాపూ ఇంత బాగా చెప్పలేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. దొరికే యాప్‌లలో ఎక్కువ భాగం ఇంగ్లిష్ ఫోనిక్స్‌వే, అంటే ఇంగ్లిష్ అక్షరాలకు శబ్దాలు జతచేసి నేర్పేవే. అవి మన గుణింతాల జోలికి, ఒత్తుల జోలికి రావు. 'స్త్రీ' అనే ఒక్క అక్షరంలో స, త, ర మూడూ ఉన్నాయి, పైన దీర్ఘం. పలికే వరుస ఒకటి, కంటికి కనిపించే అమరిక ఇంకొకటి. తెలుగు అక్షరాలన్నీ పట్టుబడటానికి మామూలు పిల్లలకే మూడు నాలుగేళ్లు పడుతుంది. మీ బాబు ఒత్తులు వదిలేయడంలో బద్ధకం ఏమీ లేదు. దీనికి నేను చెప్పే మందు ట్యాబ్‌లో లేదు. ఒక పళ్లెంలో ఇసుక గానీ బియ్యం గానీ పోసి, శబ్దం పైకి అంటూ వేలితో రాయించండి. కన్ను, చెవి, చెయ్యి మూడూ ఒకేసారి పనిచేయాలన్నదే ఆర్టన్-గిల్లింగ్‌హామ్ పద్ధతి. అమెరికాలో 1930ల నుంచి దీన్ని డిస్లెక్సియా పిల్లలకు నేర్పడానికి వాడుతున్నారు. మన వీధిబడుల్లో ఇసుకలోనే అక్షరాలు దిద్దించేవారు (పలక కొనే డబ్బుల్లేకనే అనుకోండి!). నున్నటి గాజు తెర మీద వేలు జారిపోతుంది, ఆ గరుకు దొరకదు.

ఇక ట్యాబ్ నిజంగా అక్కరకొచ్చే చోటు సైన్స్, సోషల్ పాఠాలు. మీ వాడు వింటే అర్థం చేసుకుంటాడు, చదవాల్సి వస్తేనే ఆగిపోతాడు. మరి మొక్కల పాఠం అర్థం కావాలంటే అక్షరాలతో కుస్తీ పట్టి తీరాలా? ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద 'సెలెక్ట్ టు స్పీక్' ఉంటుంది. అది ఆన్ చేసి తెర మీద పాఠాన్ని తాకితే చదివి వినిపిస్తుంది, తెలుగు గొంతు కూడా ఉంది. రూపాయి ఖర్చు లేదు. కీబోర్డు మీదుండే మైకు గుర్తు నొక్కి తెలుగులో చెబితే తనే టైప్ చేస్తుంది. జవాబు తెలిసీ రాయలేక ఏడ్చే పిల్లలకు అది పెద్ద ఊరట. 'వినడం అలవాటైతే ఇక చదవడేమో' అని చాలామంది భయపడతారు. అందుకే చదవడం నేర్చుకునే టైమ్ వేరు, పాఠం తెలుసుకునే టైమ్ వేరు అని ముందే విడదీయండి. మొదటిదానికి రోజుకు ఇరవై నిమిషాలు చాలు. ఇసుక పళ్లెంతో మొదలుపెట్టి, తర్వాత మీరొక లైను, వాడొక లైను చొప్పున ఒక చిన్న కథ చదవండి.

కథలకు ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ ఉంది. తెలుగులో బొమ్మల కథలు స్థాయిల వారీగా ఉచితంగా దొరుకుతాయి. నాలుగో తరగతి కదా అని పై స్థాయి తీయకండి, తడబడకుండా చదవగలిగిన దగ్గర మొదలుపెట్టండి. గూగుల్ రీడ్ ఎలాంగ్ 2019లో మన దేశంలో 'బోలో' పేరుతో వచ్చిందే. పిల్లవాడు పైకి చదువుతుంటే విని, ఆగిన చోట పదం అందిస్తుంది. తెలుగూ ఉంది. ఇంగ్లిష్‌కు మద్రాస్ డిస్లెక్సియా అసోసియేషన్‌తో కలిసి చేసిన 'ఎండీఏ ఆవాజ్ రీడర్' చూడండి. ఒకసారికి ఒకటే వేయండి, పది యాప్‌లు వేస్తే పదింటినీ తిరగేయడమే సరిపోతుంది.

జ్ఞాపకశక్తి పెంచుతామనే 'బ్రెయిన్ ట్రైనింగ్' ఆటలకు డబ్బు పెట్టకండి. ఆ ఆటలో స్కోరు పెరుగుతుంది గానీ చదువులోకి రాదు. రంగు కళ్లద్దాలు, రంగు ఫిల్టర్లు కూడా అంతే. అక్షరాల సైజు పెంచి, వాటి మధ్య కాస్త ఖాళీ ఉండేలా పెడితే మాత్రం కొందరు పిల్లలు తేలిగ్గా చదువుతారు. అది ఉచితమే, చేసి చూడండి.

మీ వారి భయం కొట్టిపారేసేది కాదు. టీవీ, ఫోను, ట్యాబ్ అన్నీ కలిపి ఈ వయసులో రోజుకు రెండు గంటలు దాటకూడదని మన పిల్లల డాక్టర్ల సంఘం చెబుతోంది. ట్యాబ్‌ను మంచం మీద పడుకుని కాకుండా బల్ల మీద పెట్టి చూడాలి. ఇరవై నిమిషాలకోసారి లేచి కిటికీలోంచి దూరంగా చూడమనండి. ట్యాబ్‌లోంచి యూట్యూబ్ తీసేయండి. పడుకునే ముందు గంట అసలు వద్దు. కళ్లు, చెవుల పరీక్షలు చేయించకపోతే ఇప్పుడే చేయించండి.

ప్యాకేజీకి పెడదామనుకున్న డబ్బు స్పెషల్ ఎడ్యుకేటర్‌కు (ఇలాంటి పిల్లలకు నేర్పడంలో శిక్షణ పొందిన టీచర్‌కు) పెట్టండి. మీ ఊళ్లో దొరక్కపోతే వారానికి రెండుసార్లు వీడియో కాల్‌లో నేర్పేవాళ్లున్నారు. మీ మరిది పంపిన ట్యాబ్‌కు ఇంతకంటే మంచి పని నాకు తోచడం లేదు.

స్కూలుకు రిపోర్టు తీసుకెళ్లి క్లాస్ టీచర్‌తో మాట్లాడండి. అందరి ముందూ లేచి చదవమనొద్దని, చిన్న టెస్టులు నోటితో అడగమని చెప్పండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో డిస్లెక్సియా కూడా వస్తుంది, కాబట్టి మీరు దయ అడుగుతున్నట్టు కాదు. వైకల్య సర్టిఫికెట్ ఉంటే సీబీఎస్‌ఈ పరీక్షల్లో గంటకు 20 నిమిషాల చొప్పున ఎక్స్‌ట్రా టైమ్ ఇస్తారు, రాసిపెట్టే మనిషిని కూడా తీసుకోవచ్చు. 'వికలాంగుడు' అనే మాటకు జడిసి చాలామంది సర్టిఫికెట్ జోలికి వెళ్లరు. పదో తరగతి వచ్చాక పరుగులు పెడతారు.

పొద్దున్నే స్కూలు టైమ్‌కు కడుపునొప్పి అన్నా, 'నేను మొద్దుని' అని అనడం మొదలుపెట్టినా ఆలస్యం చేయకుండా చైల్డ్ సైకాలజిస్టుకు చూపించండి. నిమిషం కుదురుగా కూర్చోలేకపోతున్నా ఆ సంగతి చెప్పండి. శ్రద్ధ నిలవని సమస్య కూడా దీంతో పాటు తరచూ ఉంటుంది.

రోజూ తప్పు చదివిన పదాలు ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటూ ఎనిమిది వారాలు చూడండి. అవే పదాలు మళ్లీ మళ్లీ వస్తుంటే ఆ నోట్‌బుక్ పట్టుకుని డాక్టర్ దగ్గరికి రండి. ఈ ఇరవై నిమిషాలు పక్కన ఎవరు కూర్చోవాలంటారా? ట్యాబ్ మీద అనుమానం మీ వారిది కదా, మొదటి నెల ఆయన్నే కూర్చోమనండి.