జీతం లేని ఆరు నెలలు

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. ఒక పెద్ద గిడ్డంగిలో ప్యాకింగ్ పని చేస్తున్నాను. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి షిఫ్టు ఉంటుంది. నేను గే. ఈ విషయం ఒక్క స్నేహితుడికి తప్ప ఎవరికీ తెలియదు. తోటి పనివాళ్లు ముగ్గురితో కలిసి ఒకే గదిలో ఉంటున్నాను. రెండేళ్లుగా ఇద్దరు యువకుల ప్రేమను బొమ్మల కథగా గీస్తున్నాను. గదిలో అందరూ నిద్రపోయాక గీసి, పుస్తకాన్ని పరుపు కింద దాచుకుంటాను. కొన్ని పేజీలు పంపితే ఒక చిత్రకళా సంస్థ ఆరు నెలల శిక్షణకు నన్ను ఎంపిక చేసింది. వసతి, భోజనం ఇస్తారు కానీ జీతం ఉండదు. నా జీతంలో సగానికి పైగా ఇంటికి పంపుతున్నాను. అది ఆగితే కారణం అడుగుతారు. కారణం చెబితే బొమ్మలు చూపించమంటారు. చూస్తే అంతా తెలిసిపోతుంది. స్నేహితుడు ధైర్యం చేయమంటున్నాడు. నాకేమో నాలోనే ఏదో లోపం ఉందని, అందుకే స్థిరపడలేకపోతున్నానని అనిపిస్తోంది. మూడు వారాల్లో జవాబివ్వాలి. ఉద్యోగం మానేయనా, బొమ్మలు మానేయనా?

జవాబు: లోపం సంగతి ముందుగా తేల్చేద్దాం, ఎందుకంటే దాని మీద ఎక్కువ సమయం ఖర్చు చేయనవసరం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో స్వలింగ ఆకర్షణను రుగ్మతల జాబితా నుంచి తొలగించింది. మీరు పుట్టకముందే ముగిసిన చర్చ అది. స్థిరపడలేకపోవడానికి కారణం కావాలంటే వారం వారం మారే షిఫ్టులోనూ, నలుగురు పంచుకుంటున్న గదిలోనూ వెతకండి. అక్కడ కావలసినంత దొరుకుతుంది.

ఉద్యోగం, బొమ్మలు అని మీరు రెండు పనులనే లెక్కవేశారు. మీ ఉత్తరం చదివితే మీరు మూడు పనులు చేస్తున్నట్టు కనిపిస్తోంది. ఆ మూడోది దాచడం. ఏ మాటకు ఎవరు ఏమనుకుంటారో చూసుకుంటూ మాట్లాడడం, పనిచోట ఎవరైనా వెకిలి హాస్యమాడితే అందరితోపాటు నవ్వడం, అందరూ నిద్రపోయారో లేదో గమనించి దీపం వెలిగించడం, పుస్తకం పరుపు కింద పెట్టిన చోటే ఉందో లేదో మళ్లీ చూసుకోవడం, ఇవన్నీ శ్రమే. మనస్తత్వ పరిశోధకుడు ఇలాన్ మేయర్ లైంగిక అల్పసంఖ్యాకుల మానసిక ఒత్తిడి గురించి 2003లో ప్రకటించిన సిద్ధాంతంలో, బయటి నుంచి వచ్చే వివక్షతోపాటు తమను తాము దాచుకోవలసి రావడాన్ని కూడా ఒత్తిడి కారణాల్లో చేర్చారు. కాబట్టి ‘రెండింటిలో ఏది మానేయాలి’ అని అడిగే ముందు మూడోదానిలో ఎంత తగ్గించుకోవచ్చో చూడాలి. దాన్ని పూర్తిగా వదిలేయమని నేను చెప్పడం లేదు. మీ గదిలో, మీ ఇంట్లో ఎవరు ఎలాంటివారో మీకు తెలుసు, నాకు తెలియదు. భద్రత లేని చోట దాచుకోవడం పిరికితనం కాదు.

‘అది ఆగితే కారణం అడుగుతారు’ అన్న మీ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఇంట్లో అవసరం ఎంత ఉందో మీరు రాయలేదు. మందులో, తోబుట్టువుల చదువో, తీరని అప్పో ఉంటే మీరు పంపేది తప్పనిసరి ఖర్చు, దానిపై నేను మాట్లాడను. కానీ మీలాంటి పిల్లలు చాలామంది, తమ గురించి తెలిసిన రోజున ఇంట్లోవాళ్లు తమను కాదంటారన్న భయంతో, ఆ రోజు రాకముందే పరిహారం కట్టేస్తున్నట్టు, అవసరానికి మించి ఇంటికి పంపుతుంటారు. ‘ఎలా ఉన్నా వాడు మంచి కొడుకు’ అనిపించుకోవాలన్న ఆరాటం అందులో ఉంటుంది. ఒక రాత్రి కాగితం తీసుకుని మిమ్మల్ని మీరు ఇలా అడగండి: నా విషయం ఇంట్లో అందరికీ తెలిసి, దాన్ని వారు మామూలుగా తీసుకుని ఉంటే నెలకు ఎంత పంపేవాణ్ణి? ఆ అంకెకూ ఇప్పుడు పంపుతున్న అంకెకూ మధ్య తేడా ఉంటే, అది భయానికి మీరు చెల్లిస్తున్న అద్దె. ఆ తేడాను ఈ నెల నుంచే, ఉద్యోగంలో ఉండగానే, కొద్దికొద్దిగా తగ్గించండి. కారణం అడిగితే ‘పొదుపు మొదలుపెట్టాను’ అనండి. అది అబద్ధం కాదు, దాని వెనుక బొమ్మల ప్రసక్తీ రాదు. డబ్బు ఒక్కసారిగా ఆగిపోతే వచ్చే ప్రశ్నలు వేరు, మెల్లగా తగ్గితే వచ్చే ప్రశ్నలు వేరు.

ఇక ఉద్యోగం. మీ వయసు కళాకారులు చాలామంది ఉద్యోగం వదిలేసి, చేతిలో డబ్బు అయిపోయాక కొన్నాళ్లు తల్లిదండ్రుల దగ్గర తలదాచుకుని, మళ్లీ బయలుదేరుతారు. వారి ధైర్యకథల్లో ఆ కొన్నాళ్ల ప్రస్తావన ఉండదు. మీకు ఆ ఇల్లు ఉందో లేదో మీకే నమ్మకం లేదు. అందుకే గిడ్డంగి జీతం మీకు కేవలం జీతం కాదు, మీ తలుపుకు మీరు వేసుకోగల గొళ్లెం. ధైర్యం చేయమంటున్న మీ స్నేహితుడు మీ మేలు కోరేవాడే అయి ఉండవచ్చు. అయినా ఒక్క ప్రశ్న అతణ్ణి సూటిగా అడగండి: ఏడో నెలలో నేను నీ గదిలో ఉండవచ్చా, ఎన్నాళ్లు? అతని జవాబు ఎలా ఉన్నా మీకు పనికొస్తుంది.

నా అభిప్రాయం దాచకుండా చెబుతాను. రాజీనామా ఇవ్వకండి, శిక్షణకు ‘రాను’ అని కూడా రాయకండి. ఈ వారంలోనే రెండు ఉత్తరాలు రాయండి. ఒకటి గిడ్డంగి యాజమాన్యానికి, ఆరు నెలలు జీతం లేని సెలవు ఇవ్వగలరా అని, ఇవ్వలేకపోతే తిరిగి వచ్చాక మళ్లీ పనిలోకి తీసుకుంటారా అని. శిక్షణ అంటే చాలు, ఏ శిక్షణో వివరించే బాధ్యత మీకు లేదు. రెండోది శిక్షణ సంస్థకు, ఎంపికను తర్వాతి విడతకు మార్చగలరా, చేతి ఖర్చుకు ఏమైనా భృతి ఉంటుందా అని. ఇలా అడిగితే అవకాశం చేజారుతుందని మీరు భయపడతారు. వారు మీ బొమ్మలు చూసి ఎంపిక చేశారు, కాబట్టి అడగగల స్థితిలో ఇప్పుడు ఉన్నది మీరే. అదే ఉత్తరంలో ఇంకొన్ని తెలుసుకోండి. వసతిలో గది విడిగా ఉంటుందా, నలుగురితోనా? అక్కడ గీసిన బొమ్మలపై హక్కు ఎవరిది? మీ పేరు, ఫొటో మీ అనుమతి లేకుండా ప్రకటనల్లో వాడుకుంటారా? ఈ చివరి ప్రశ్నకు రాతపూర్వక జవాబు తీసుకోండి. కొన్ని సంస్థలకు క్వీర్, అంటే లైంగిక అల్పసంఖ్యాకులైన, కళాకారుల పని కంటే వారి కన్నీటి కథ మీద మోజు ఎక్కువ, ఆ కథతో పోస్టరు వేయాలని తొందరపడతాయి. మీ సంస్థ అలాంటిది కాకపోవచ్చు, అయినా అడగడంలో పోయేదేమీ లేదు.

రెండు చోట్లా కాదన్నారనుకుందాం. అప్పుడు శిక్షణ ముగిశాక మూడు నెలల అద్దెకు, ఖర్చులకు సరిపడే డబ్బు, ఏడో నెల మొదటి రాత్రి పడుకోవడానికి నమ్మకమైన ఒక చోటు, ఈ రెండూ మీకు ఉంటే వెళ్లండి, నేను అడ్డు చెప్పను. రెండింటిలో ఏది లేకపోయినా ఈసారికి వెళ్లవద్దు. ఈ మాట రాయడం నాకూ ఇష్టంగా లేదు, కానీ తలదాచుకునే చోటు లేకుండా పోయినవారికి గీయడానికి బల్ల కూడా మిగలదు.

వెళ్లలేకపోతే కళ ఆగిపోయినట్టేనా? గ్రీకు కవి కాన్‌స్టాంటిన్ కవాఫీ అలెగ్జాండ్రియా నగరంలో నీటిపారుదల కార్యాలయంలో 1892 నుంచి 1922 వరకు, 30 ఏళ్లు, గుమాస్తాగా పనిచేశారు. మగవారి మధ్య ప్రేమ గురించి ఆయన రాసిన కవితలు ఈనాటికీ చదువుతున్నారు. బతికుండగా ఆయన తన కవితలన్నిటినీ సంపుటిగా అమ్మకానికి పెట్టలేదు. విడి కాగితాల మీద అచ్చువేయించి, తాను ఎంచుకున్నవారికి మాత్రమే ఇచ్చేవారు. ఎవరు చదవాలో తానే నిర్ణయించుకున్న ఆ పద్ధతి మీకు నేర్పేది ఉంది. అయితే ఆయన జీవితాన్ని మీ మీద రుద్దను. ఆయనది కుర్చీలో కూర్చుని చేసే పని, మీది బరువులెత్తే పని, పైగా వారం మారితే నిద్రవేళ కూడా మారిపోయే పని. అందుకే ఉద్యోగం ఉంచుకోండి అన్నానే గానీ ఇదే ఉద్యోగం ఉంచుకోండి అనలేదు. జీతం కాస్త తగ్గినా వేళ మారని పని దొరికితే అటు మారడం గురించి ఆలోచించండి. కొత్త పనిని జీతంతో మాత్రమే కొలవకండి, పని ముగిశాక చేతికి గీసే ఓపిక ఎంత మిగులుతుందో కూడా లెక్కలో వేయండి.

అమెరికన్ కవయిత్రి ఆడ్రీ లార్డ్ 1980లో ఒక ప్రసంగంలో, కళలన్నిటిలోకీ కవిత్వానికే ఖర్చు తక్కువని, దాన్ని షిఫ్టుల మధ్య మిగులు కాగితాల మీద కూడా రాసుకోవచ్చని అన్నారు. బొమ్మల కథకు అంతటి వెసులుబాటు లేకపోయినా, పూర్తి పేజీ బదులు ఒక్కొక్క గడిని అరచేతిలో పట్టే కాగితం మీద విడిగా గీసి, తర్వాత పేజీగా కూర్చుకోవచ్చు. రాత్రి షిఫ్టు వారంలో కథ ముందుకు జరగకపోతే జరగనివ్వండి. ఆ వారం నిద్రపోండి.

చివరగా ఆ పరుపు కింది పుస్తకం. దాన్ని ఈ రోజే అక్కడి నుంచి తీయండి. ముందు ప్రతి పేజీకీ ఫొటో తీసి, మీకు తప్ప ఎవరికీ సంకేతపదం తెలియని ఖాతాలో భద్రపరచండి. అసలు పుస్తకాన్ని మీ విషయం తెలిసిన ఆ స్నేహితుడి దగ్గర ఉంచండి. గదిలో పట్టుబడితే పోయేవి రెండు, మీ రహస్యం, రెండేళ్ల శ్రమ. రెండోదాన్నైనా ముందే కాపాడుకోవచ్చు. బొమ్మల మీద సంతకానికి ఇంట్లో ఎవరూ ఊహించలేని కలం పేరు పెట్టుకోండి, శిక్షణ సంస్థ రికార్డుల్లో తప్ప మరెక్కడా అసలు పేరు రానివ్వకండి. ఇంట్లో చెప్పాలా వద్దా అన్న ప్రశ్నను ఈ మూడు వారాల నిర్ణయంతో కలపవద్దు. చెప్పదలిస్తే, బొమ్మలు చూసి తెలుసుకునే స్థితి రాకముందు, మీరు ఎంచుకున్న రోజున, మీరు ఎంచుకున్న ఒక్కరితో మొదలుపెట్టండి. వారికి ఏ రోజు చెప్పినా, ఆ రాత్రి మీరు పడుకునే చోటు వారి మీద ఆధారపడనిదై ఉండాలి.

రెండు ఉత్తరాలకూ జవాబులు వచ్చాక మళ్లీ రాయండి. మూడు వారాల గడువుకు ముందే అవి రాకపోతే, గడువు పొడిగించమని సంస్థను అడుగుతూ మూడో ఉత్తరం రాయండి.