ఇంట్లో చెత్త తగ్గించడం, రీసైక్లింగ్ ఎక్కడ నేర్చుకోవాలి?

పాత సామాన్ల అంగడిలో. వీడియోలు ఎన్ని చూసినా సరే, ఏది మళ్లీ పనికొస్తుందో ఏది రాదో దాన్ని డబ్బిచ్చి కొనేవాళ్లకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు.

మాది తిరుపతి, కొర్లగుంట. ఇల్లు మారేటప్పుడు గోతాల నిండా సామాను ఆటోలో వేసుకుని అంగడికి పోయాను. అక్కడి అన్న అంతా కింద కుమ్మరించి, నీళ్ల సీసాలు ఒక పక్కకి, అట్టపెట్టెలు ఒక పక్కకి వేస్తూ పాల ప్యాకెట్లు మాత్రం చేత్తో పట్టి వాసన చూశాడు. "కడిగినారు కాబట్టి తీసుకుంటా అక్కా, లేకుంటే గోతమంతా పురుగులు పడతాయి" అన్నాడు. చిప్స్ ప్యాకెట్లన్నీ వెనక్కి నెట్టేశాడు. ఒకటి చించి లోపలి వెండిరంగు చూపించి "దీన్ని ఎవురూ కొనరు" అన్నాడు. ప్లాస్టిక్‌కి సన్నని లోహపు పూత ఉంటుంది, దాన్ని విడదీయడానికయ్యే ఖర్చు కూడా తిరిగి రాదు. నూనె పట్టిన బిర్యానీ అట్టపెట్టె, థర్మకోల్ కూడా వద్దన్నాడు.

అప్పట్నుంచీ ఆయన కొననిది నేనూ కొనడం మానేశాను. మిక్చరు, మురుకులు మా డబ్బాలో పోయించుకుంటాను, హోటల్లో సాంబారుకి క్యారియర్ తీసుకుపోతాను. చెత్త తగ్గేది ఇక్కడే, రీసైక్లింగ్ దీని తర్వాతే.

పెళ్లిళ్లలో ఆ చిన్న నీళ్ల సీసాలు చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. రెండు గుక్కలు తాగి విస్తరి పక్కనే వదిలేస్తారు. తిరుమల కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల సీసాలు నిషేధించారు, అంతమంది యాత్రికులూ జలప్రసాదం కుళాయిల దగ్గర నీళ్లు పట్టుకుంటున్నారు. మరి కింద కల్యాణమండపంలో 500 మందికి స్టీలు గ్లాసులు పెట్టలేమా?

"మనం వేరు చేసి ఇచ్చినా బండిలో అన్నీ కలిపేస్తారు, ఎందుకీ కష్టం" అంటారు చాలామంది. కలిపేయడం నేనూ చూశాను, గొడవ కూడా పడ్డాను. అందుకే అసలు తడి చెత్త గడప దాటనివ్వకండి. మన ఇళ్లలో సగం చెత్త అదే. అడుగున చిల్లులున్న కుండలో కూరగాయల తొక్కలు ఒక వరస, ఎండుటాకులు రెండు వరసలు వేస్తూ పోతే రెండు మూడు నెలల్లో ఎరువవుతుంది. వాసన వస్తే తడి ఎక్కువైందని అర్థం, కొబ్బరిపీచు వేయండి. మన ఎండలకి మే నెలలో ఎండిపోతుంది, అప్పుడు కాసిని నీళ్లు చల్లాలి. తడి కలవకపోతే పొడి చెత్త శుభ్రంగా ఉంటుంది, అంగడిలో డబ్బులూ వస్తాయి.

డైపర్లు, ప్యాడ్లు, పగిలిన గాజు మాత్రం పేపర్లో గట్టిగా చుట్టి, గుర్తు పెట్టి విడిగా ఇవ్వండి. డైపర్లు, ప్యాడ్లు గట్టిగా చుట్టి ఇవ్వాలని 2016 నాటి చెత్త నిబంధనల్లోనే చెప్పారు. మా వీధికి బండితో వచ్చే అమ్మ చేతికి చాలాసార్లు తొడుగులు ఉండవు.