‘విస్తరణ’ వేరు, ‘పెంపు’ వేరు

సందేహం: అమెరికాలో పోలీసులకు, అగ్నిమాపక సిబ్బందికి మేలు చేసిన చట్టం గురించిన వార్తను తెలుగు చేస్తూ ‘పదవీ విరమణ ప్రయోజనాల విస్తరణ’ అని రాశాను. ‘పెంపు’ అనాలని మిత్రుడు అంటున్నారు. ఏది ఒప్పు? కానిస్టేబులు విషయంలో ‘పదవీ విరమణ’ అనవచ్చా?

సమాధానం: తెలుగులో ‘విస్తరణ’ పరిధికి చెందిన మాట. రోడ్డు విస్తరణ, మంత్రివర్గ విస్తరణ అంటున్నప్పుడు చోటో, సంఖ్యో పెరుగుతోందని అర్థం. జీతం, కరువు భత్యం, వయసు వంటి పరిమాణాలకు ‘పెంపు’ తగిన మాట. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022లో ఉద్యోగుల విరమణ వయసును 60 నుంచి 62 ఏళ్లకు మార్చినప్పుడు అందరమూ ‘వయసు పెంపు’ అనే అన్నాం. ‘వయసు విస్తరణ’ అని ఉంటే చెవికి ఎబ్బెట్టుగా ఉండేది. అప్పటిదాకా లేనివారికి ఒక సదుపాయం కలిగితే దాన్ని ‘వర్తింపు’ అంటాం.

అయితే మీ వార్తకు ఈ మూడింటిలో ఏదీ సరిగా అతకదు. 2025 జనవరి 5న అమెరికా అధ్యక్షుడు జో బైడెన్ సంతకం చేసిన ఆ చట్టం కొత్తగా ఏదీ పెంచలేదు, అంతకుముందున్న కోతను తొలగించింది. అక్కడ పలు రాష్ట్రాల్లో ఉపాధ్యాయులు, పోలీసులు, అగ్నిమాపక సిబ్బందికి ప్రభుత్వోద్యోగపు పింఛను వేరుగా ఉండి, ఆ ఉద్యోగకాలానికి సోషల్ సెక్యూరిటీ (జీతాలపై పన్నుతో నడిచే దేశవ్యాప్త పింఛను పథకం) పన్ను ఉండదు. వేరే కొలువులో ఆ పన్ను కట్టి సంపాదించుకున్న పింఛను 1983 నాటి నిబంధన వల్ల తగ్గేది. 1977 నాటి నిబంధన మరీ కఠినం: జీవిత భాగస్వామి తరఫున రావలసిన సోషల్ సెక్యూరిటీ మొత్తంలోంచి, తమ ప్రభుత్వ పింఛనులో మూడింట రెండు వంతులు తీసివేసేవారు. నెలకు 3,000 డాలర్ల పింఛను పొందే అగ్నిమాపకోద్యోగికి, గతించిన భార్య తరఫున 2,000 డాలర్లు రావలసి ఉంటే, 2,000 కోత పడి చేతికి ఒక్క డాలరూ అందేది కాదు. ఆ రెండు నిబంధనలూ రద్దయి, 2024 జనవరి నుంచి పూర్తి మొత్తం చెల్లించాలని చట్టమైంది. ఇంత జరిగినదాన్ని ‘విస్తరణ’ అంటే, ఎవరికో కొత్తగా వరమిచ్చినట్టు ధ్వనిస్తుంది; ఆ కుటుంబాలు దశాబ్దాలపాటు అడిగింది తాము కట్టినదాని ఫలాన్ని. అందుకని ‘కోత రద్దు’ అనడమే న్యాయమని నా నిశ్చితాభిప్రాయం. ‘పునరుద్ధరణ’ కూడా తప్పు కాదు కాని, కోత అనే మాటలో ఉన్న నొప్పి అందులో లేదు.

ఇక ‘పదవి’ అధికార స్థానాన్ని సూచించే మాట. మంత్రికి, కలెక్టరుకు నప్పినంతగా కానిస్టేబులుకు నప్పదు. పత్రికల్లో అందరికీ వాడుతున్నారు కనుక తప్పనలేం, కాని ‘ఉద్యోగ విరమణ’ అందరికీ సరిపోతుంది.

మీరు అడగకపోయినా ‘అగ్నిమాపక’ గురించి ఒక మాట. సంస్కృతంలో ‘మాపకం’ కొలిచేది (ఉష్ణమాపకం అందుకే థర్మామీటరు). ఇక్కడున్నది ‘రూపుమాపడం’లోని తెలుగు ‘మాపు’ అని నేననుకుంటాను. కొందరు దీన్ని దోషమంటారు. జనం నోట, ప్రభుత్వ కాగితాల్లో స్థిరపడిన మాటను ఇప్పుడు మార్చబోవడం అనవసరం.

మీ శీర్షికను ‘పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది పింఛన్లలో కోత రద్దు’ అని దిద్దుకోండి.