చేయి కొద్దిగా వణుకుతుంది, సర్జన్ కాలేనా?

ఎందుకు కాలేరు? చేయి చాచి వేళ్ల మీద పల్చటి కాగితం పెట్టుకుని చూడండి, అంచు అదురుతుంది. ఎవరికైనా అంతే. సెకనుకు 8 నుంచి 12 సార్లు వచ్చే ఈ సన్నటి వణుకు ఆరోగ్యంగా ఉన్న చేతికీ సహజం. నిద్ర చాలకపోయినా, కాఫీ ఎక్కువైనా, కంగారు పడినా పెరుగుతుంది.

సర్జన్లకూ ఈ వణుకు పోదు, చేతికి ఆనుడు చూసుకుంటారంతే. మైక్రోస్కోప్ కింద వెంట్రుక కంటే సన్నటి దారంతో కుట్టేటప్పుడు ముంజేయో, మణికట్టో, చిటికెన వేలో దేనికో ఒకదానికి ఆని ఉంటుంది. కదిలేది వేళ్ల కొసలే. ఇదంతా సాధన. సొరుగు పిడికి దారం కట్టి, చూడకుండా పడేదాకా ఒంటిచేత్తో ముడులు వేస్తూ కూర్చునే ట్రైనీలు ఉంటారు (ఇంట్లోవాళ్లకు వింతగానే ఉంటుంది).

గ్లాసులో నీళ్లు తొణికేంత వణుకైతే మాత్రం డాక్టరుకు చూపించుకోండి. థైరాయిడ్ ఎక్కువైనా, కొన్ని మందుల వల్లా రావచ్చు.

నన్నడిగితే చేతి కంటే ముందు ఆలోచించాల్సినవి వేరే ఉన్నాయి. మెడికల్ డిగ్రీ అయ్యాక కూడా దేశాన్ని, విభాగాన్ని బట్టి ఏళ్ల తరబడి శిక్షణ, అర్ధరాత్రి పిలుపులు, గంటలకొద్దీ నిలబడటం. ఆపరేషన్ ఎవరికి వద్దో తేల్చడం ఇంకా కష్టం. వీలైతే అనుమతి తీసుకుని ఒక పెద్ద ఆపరేషన్ మొదటి నుంచి చివరిదాకా చూడండి. నాలుగో గంటలో మీ దృష్టి రోగి మీద ఉందో, గడియారం మీద ఉందో మీకే తెలుస్తుంది.